ప్రాంప్టింగ్ లేని పరీక్ష

డీబీఎంఎస్‌లో నాకు ఇంటర్నల్ మార్కులు 40కి 36. ఎక్స్‌టర్నల్ 60కి 19. మొత్తం 55. అయినా ఫెయిల్.

రిజల్ట్ చూడగానే మా అమ్మ అడిగిన మొదటి ప్రశ్న: "యాభై ఐదు వస్తే ఫెయిలేంట్రా? మా రోజుల్లో ముప్పై ఐదుకే పాస్ కదా!" అమ్మకి రెగ్యులేషన్ వివరించడం పెద్ద కష్టం కాలేదు. నాకు నేనే వివరించుకోలేకపోయింది ఇంకొకటి. మిడ్ వన్‌లో రిలేషనల్ ఆల్జీబ్రా ఆపరేటర్ల మీద ప్రశ్న వస్తే రెండు పేజీలు రాశా, దాదాపు ఫుల్ మార్కులు వచ్చాయి. రెండు నెలల తర్వాత ఎండ్ ఎగ్జామ్‌లో అదే ప్రశ్న, ఇంచుమించు అవే మాటల్లో వచ్చింది. హెడ్డింగ్ రాశా. అండర్‌లైన్ చేశా. సెలెక్షన్, ప్రొజెక్షన్ అని రెండు పేర్లు రాశా. ఆ తర్వాత పెన్ను కదల్లేదు.

నేను చదవలేదు అంటే అబద్ధం. చదివా, రాశా, మార్కులు కూడా తెచ్చుకున్నా. మరి ఆ రెండు పేజీలు ఎక్కడికి పోయాయి? ఈ ప్రశ్న పట్టుకుని సెలవుల్లో కొంచెం తవ్వితే జవాబు రెండు చోట్ల దొరికింది. ఒకటి సైకాలజీ ప్రయోగాల్లో. రెండోది, నమ్మరు గానీ, జూబ్లీహిల్స్‌లో ఒక సినిమా షూటింగ్‌లో. సప్లీ రాయబోయేవాళ్లకీ, ఇంకా రాయాల్సిన అవసరం రానివాళ్లకీ పనికొస్తుందని రెండూ కలిపి రాస్తున్నా.

ముందు రూల్ ఏంటో చూద్దాం

మనలో చాలామంది రెగ్యులేషన్ పీడీఎఫ్‌ని అటెండెన్స్ షార్టేజ్ లిస్ట్ వచ్చిన రోజే మొదటిసారి తెరుస్తాం. జేఎన్‌టీయూహెచ్ ఆర్22 ప్రకారం ఒక థియరీ సబ్జెక్ట్ 100 మార్కులు. అందులో 40 ఇంటర్నల్, 60 ఎండ్ ఎగ్జామ్. ఇంటర్నల్ 40లో మిడ్‌కి 30, అసైన్‌మెంట్‌కి 5, వైవా లేదా ప్రెజెంటేషన్ లాంటి వాటికి 5. మిడ్‌లు రెండు, వాటి సగటు తీసుకుంటారు. మిడ్ వన్‌లో మొదటి రెండున్నర యూనిట్లు, మిడ్ టూలో మిగతా రెండున్నర. ఎండ్ ఎగ్జామ్‌లో మాత్రం ఐదు యూనిట్లూ ఒకేసారి: పార్ట్ ఏలో 10 మార్కుల చిన్న ప్రశ్నలు, పార్ట్ బీలో యూనిట్‌కి ఒకటి చొప్పున పది మార్కుల ప్రశ్నలు ఐదు.

పాస్ అవ్వాలంటే మూడు షరతులు. ఇంటర్నల్‌లో కనీసం 14, ఎండ్ ఎగ్జామ్‌లో కనీసం 21, రెండూ కలిపి కనీసం 40. మూడూ ఉండాలి. నాకు మొదటిదీ మూడోదీ ఉన్నాయి. మధ్యది రెండు మార్కుల దూరంలో ఆగిపోయింది.

ఇక అటెండెన్స్. మొత్తం మీద 75 శాతం ఉండాలి. 65 నుంచి 75 మధ్య ఉంటే అనారోగ్యం లాంటి సరైన కారణం చూపించి, ఫీజు కట్టి కండోనేషన్ అడగొచ్చు. 65 కన్నా తగ్గితే ఆ సెమిస్టర్ డిటెయిన్.

ఈ రూల్స్‌ని మనం ఎప్పుడూ మార్కుల లెక్కగానే చూస్తాం. ఒక్కసారి జ్ఞాపకం వైపు నుంచి చూడండి. ఒకే పాఠాన్ని ఈ రూల్ మన చేత రెండుసార్లు గుర్తు చేయిస్తోంది, అదీ చాలా దూరం దూరంగా. యూనిట్ వన్ మిడ్ వన్‌లో ఒకసారి అడుగుతారు. మిడ్ టూలో దాని ఊసే ఉండదు. మళ్లీ ఎండ్ ఎగ్జామ్‌లోనే. మధ్యలో దాదాపు రెండు నెలల ఖాళీ. నా రెండు పేజీలు పోయింది ఆ ఖాళీలోనే.

ఓటీపీ ఎందుకు మర్చిపోతాం

జ్ఞాపకం అంటే తలలో ఒక డబ్బా కాదు. 1968లో అట్కిన్సన్, షిఫ్రిన్ అనే ఇద్దరు ఒక మోడల్ ఇచ్చారు, పాఠ్యపుస్తకాలు ఇప్పటికీ దాంతోనే మొదలుపెడతాయి. కళ్లకీ చెవులకీ తగిలినది సెకనో రెండు సెకన్లో మాత్రమే నిలిచే మొదటి మెట్టు. అందులో మనం దృష్టి పెట్టినది మాత్రమే వెళ్లే రెండో మెట్టు, స్వల్పకాల జ్ఞాపకం. అక్కడి నుంచి కొంత మాత్రమే చేరే మూడో మెట్టు, దీర్ఘకాల జ్ఞాపకం.

రెండో మెట్టు ఎంత చిన్నదో తెలియాలంటే ఓటీపీ చాలు. ఆరంకెలు చూసి, నోట్లో అనుకుంటూ టైప్ చేస్తాం. మధ్యలో ఎవరైనా "టైమెంతైంది?" అని అడిగారా, అయిపోయింది. 1959లో పీటర్సన్ దంపతులు ఇదే పనిని ల్యాబ్‌లో చేశారు. మూడే మూడు అక్షరాలు ఇచ్చి, వెంటనే ఒక పెద్ద అంకె నుంచి మూడేసి తగ్గిస్తూ లెక్కపెట్టమన్నారు. లోపల లోపల వల్లించుకునే అవకాశం లేకుండా చేయడానికి. 18 సెకన్లు గడిచేసరికి ఆ మూడు అక్షరాలు చాలావరకు పోయాయి.

ఎన్ని పడతాయి అన్నదానికి 1956లో జార్జ్ మిల్లర్ చెప్పిన లెక్క సుమారు ఏడు. 2001లో నెల్సన్ కోవన్, వల్లె వేసుకోవడం లాంటి చిట్కాలు తీసేస్తే అసలు సంఖ్య నాలుగు దగ్గరే అన్నాడు. ఏడైనా నాలుగైనా అవి అంకెలు కావు, ముద్దలు. ఒక ముద్దలో ఎంత పట్టించగలం అన్నది మన ముందు జ్ఞానం మీద ఆధారపడుతుంది.

దీనికి ప్రపంచంలోనే చక్కని ఉదాహరణ మన ఛందస్సులో ఉంది. యమాతారాజభానసలగం. పది అక్షరాలు. వరసగా ఏ మూడు తీసుకున్నా ఒక గణం వస్తుంది. య-మా-తా అంటే లఘువు, గురువు, గురువు: య గణం. మా-తా-రా మూడూ గురువులు: మ గణం. తా-రా-జ: త గణం. ఇలా చివరి స-ల-గం వరకు ఎనిమిది గణాలూ వస్తాయి, ఏదీ రెండోసారి రాదు. గణానికి మూడు చొప్పున 24 గురులఘువులు పది అక్షరాల్లో దాక్కున్నాయి. డిస్క్రీట్ మ్యాథ్స్ చదివినవాళ్లకి ఇది ఎక్కడో చూసినట్టు అనిపించాలి. మూడు బిట్ల అన్ని కలయికలనీ ఒక్కోసారే చూపించే డి బ్రూయిన్ సీక్వెన్స్ ఇదే. 24 విడి విషయాలు వల్లించినవాడు నెలలో మర్చిపోతాడు. ఈ ఒక్క ముద్ద పట్టుకున్నవాడు అరవై ఏళ్లకి కూడా చెప్తాడు. స్కూల్లో ఇంగ్లీష్ మీడియం చదివిన నాకే ఇది ఒక మధ్యాహ్నంలో వచ్చేసింది, ఇప్పటికీ పోలేదు.

1885లో రెండు సంగతులు

మర్చిపోవడాన్ని మొదటిసారి కొలిచినవాడు జర్మనీకి చెందిన హెర్మన్ ఎబ్బింగ్‌హాస్. ప్రయోగం చేసింది తన మీదే. అర్థం లేని పొట్టి పదాలు దాదాపు 2,300 తయారుచేసుకుని, వాటి జాబితాలు వల్లించి, కొంత కాలం ఆగి, మళ్లీ నేర్చుకోవడానికి ఎంత తక్కువ శ్రమ పట్టిందో లెక్కేశాడు. ఆ ఆదా అయిన శ్రమే మిగిలిన జ్ఞాపకం. 20 నిమిషాలకి 58 శాతం మిగిలింది. గంటకి 44. ఒక రోజుకి 34. ఆరు రోజులకి 25. నెలకి 21.

ఈ అంకెల్లో రెండు విషయాలున్నాయి. పోయేదాంట్లో ఎక్కువ భాగం మొదటి గంటల్లోనే పోతోంది. ఆ తర్వాత మిగిలింది మాత్రం మెల్లగా కరుగుతోంది. అంటే ఏదైనా చేయాలంటే మొదటి ఒకటి రెండు రోజుల్లోనే చేయాలి. మనం చేసేది దానికి సరిగ్గా రివర్స్: క్లాస్ అయిన రోజు నోట్స్ మూసేసి, పరీక్ష ముందు రాత్రి తెరుస్తాం.

ఎబ్బింగ్‌హాస్ పుస్తకం అచ్చయింది 1885లో. అదే ఏడాది కడప జిల్లా సురభి అనే ఊళ్లో కీచక వధ నాటకం ఆడారు. వనారస గోవిందరావు మొదలుపెట్టిన సురభి నాటక సమాజం పుట్టింది అక్కడే. తరాల తరబడి కుటుంబాలకి కుటుంబాలే వేదిక ఎక్కి, పద్యాలకి పద్యాలు కాగితం చూడకుండా పాడిన సమాజం అది. 1932లో హెచ్.ఎం. రెడ్డి తీసిన తొలి తెలుగు టాకీ భక్త ప్రహ్లాదలో నటించింది కూడా సురభి వాళ్లే. అప్పటికి ప్లేబ్యాక్ లేదు. పాటైనా మాటైనా కెమెరా ముందు నటుడి నోట్లోంచే రావాలి.

ఒకే ఏడాది ఒకచోట ఒక మనిషి రోజులో మూడింట రెండొంతులు మర్చిపోతున్నాడు, ఇంకోచోట పిల్లలు నాటకం నాటకమంతా నోటికి పెట్టుకుంటున్నారు. మెదళ్లు వేరా? కాదు. ఎబ్బింగ్‌హాస్ కావాలనే అర్థం లేని పదాలు ఎంచుకున్నాడు. పోల్చి చూడడానికి బైరన్ రాసిన కవిత్వం కూడా వల్లించి చూశాడు. అర్థం, లయ, ప్రాస ఉన్న ఆ కవిత్వానికి పట్టిన శ్రమ అర్థం లేని పదాలకి పట్టినదాంట్లో పదో వంతే. సురభి పిల్లలకి కథ ఉంది, రాగం ఉంది, వేషం ఉంది, పక్కన మాట అందుకునే అన్నో అక్కో ఉన్నారు. అన్నిటికన్నా ముఖ్యంగా, మళ్లీ ప్రదర్శన ఉంది. నాటకం అంటే కాగితం మూసేసి గుర్తు తెచ్చుకునే పరీక్షే కదా, పైగా అది ఒక్కసారితో అయిపోయే పరీక్ష కాదు.

జూబ్లీహిల్స్‌లో ఒక పొద్దు

మా బాబాయ్ సినిమాల్లో కో-డైరెక్టర్. ఉండేది కృష్ణానగర్‌లో. పొద్దున్నే జూనియర్ ఆర్టిస్టులు వ్యాన్ల కోసం నిలబడి ఉండే వీధి వాళ్లది. అక్కడి నుంచి కొండెక్కితే జూబ్లీహిల్స్, ఇంకాస్త వెళ్తే రామానాయుడు స్టూడియోస్, ఫిల్మ్ చాంబర్ ఉన్న ఫిల్మ్‌నగర్. రిజల్ట్ వచ్చిన వారం నేను మొహం వేలాడేసుకుని కూర్చుంటే బాబాయ్ "పద, ఇంట్లో కూర్చుని ఏం చేస్తావ్" అని షూటింగ్‌కి తీసుకెళ్లాడు. జూబ్లీహిల్స్‌లో అద్దెకి తీసుకున్న ఒక పెద్ద ఇల్లు. తండ్రీ కొడుకుల గొడవ సీన్. సీన్ పేపర్ రెండు పేజీలు.

కొడుకు వేషం వేసిన కుర్రాడు కొత్త. తెలుగు సరిగా రాదు. అతనికి ప్రాంప్టింగ్. అంటే ఒక అసిస్టెంట్ కెమెరాకి కనబడకుండా నిలబడి ముక్కముక్కా అందిస్తాడు, నటుడు విన్న వెంటనే అనేస్తాడు. తర్వాత డబ్బింగ్‌లో గొంతు మారుతుంది కాబట్టి ఆ శబ్దం సమస్య కాదు. డైలాగ్ చక్కగానే వచ్చింది, రెండో టేక్‌కి ఓకే.

తండ్రి వేషం వేసినాయన పెద్దాయన, నాటకాల నుంచి వచ్చినాయన. ఆయన పేపర్ పట్టుకుని వల్లె వేయలేదు. బాబాయ్‌ని పిలిచి ప్రశ్నలు అడిగాడు. "ఇక్కడ వీడు వెళ్లిపోతానంటే నేను నవ్వాలా, భయపడాలా? ఈ మాట వాణ్ని ఆపడానికి అంటున్నానా, గెలవడానికి అంటున్నానా?" తర్వాత పేపర్ కుర్చీలో పెట్టేసి, సోఫా నుంచి కిటికీ దాకా నడుస్తూ ఒక్కో మాటా అని చూసుకున్నాడు. ఎక్కడ తడబడితే అక్కడ మాత్రమే పేపర్ చూశాడు. అరగంటలో రెండు పేజీలూ వచ్చేశాయి.

లంచ్‌లో నేను ఆయన జ్ఞాపకశక్తి గురించి ఆశ్చర్యపోతే బాబాయ్ అన్నాడు: "శక్తేం లేదురా. కారు తాళాలు ఎక్కడ పెట్టాడో రోజూ వెతుక్కుంటాడు. ఆయన మాటలు గుర్తుపెట్టుకోడు, ఎందుకంటున్నాడో గుర్తుపెట్టుకుంటాడు. మాటలు వాటంతటవే వస్తాయి." ఆ తర్వాత నవ్వుతూ ఇంకో మాట: "ఆ కుర్రాణ్ని ఇప్పుడెళ్లి పొద్దున చెప్పిన డైలాగ్ అడుగు చూద్దాం."

అడగలేదు. అడగాల్సిన అవసరం కూడా రాలేదు. ఆ కుర్రాడు నేనే అని అర్థమైపోయింది.

హెల్గా నోయిస్, టోనీ నోయిస్ అనే దంపతులు అమెరికాలో ఏళ్ల తరబడి నటుల జ్ఞాపకం మీదే పరిశోధన చేశారు. ఆమె సైకాలజిస్ట్, ఆయన నటుడు. వాళ్లు తేల్చింది బాబాయ్ చెప్పినట్టే ఉంది. అనుభవం ఉన్న నటులు మొదట మాటల్ని బట్టీ పట్టరు, ఒక్కో మాట వెనక ఆ పాత్ర ఏం కోరుకుంటోందో వెతుకుతారు. కదులుతూ అన్న మాటలు నిలబడి అన్న మాటలకన్నా బాగా గుర్తుంటాయి. నటన రాని మామూలు విద్యార్థులతో చేయించినా అంతే. "గుర్తుపెట్టుకో" అని చెప్పినవాళ్లకన్నా "ఎదుటి మనిషికి నిజంగా చెప్తున్నట్టు చెప్పు" అన్నవాళ్లకే ఎక్కువ మాటలు అచ్చంగా గుర్తున్నాయి.

ప్రాంప్టింగ్‌ని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. సినిమాకి ఆ డైలాగ్ పది సెకన్లు ఉంటే చాలు. కెమెరా పట్టేసుకుంటుంది, ఇక నటుడికి దాంతో పని లేదు. పది సెకన్ల పనికి రెండో మెట్టు సరిపోతుంది. నాకు కావాల్సింది రెండు నెలల పని, నేను వాడింది పది సెకన్ల పద్ధతి. తేడా అక్కడే కొట్టింది.

నోట్స్ తెరిచి చదవడం కూడా ప్రాంప్టింగే

మిడ్ ముందు రాత్రి నేను చేసిన పని: నోట్స్ తెరిచి, ఒకసారి చదివి, హైలైటర్ కొట్టి, మళ్లీ చదివి, మూడోసారి చదివా. మూడోసారికి అంతా తెలిసినట్టే ఉంది. నిజానికి అది తెలియడం కాదు, గుర్తుపట్టడం. పేజీ ఎదురుగా ఉండి ముక్కముక్కా అందిస్తుంటే నేను తలూపుతున్నా. పరీక్ష అడిగేది గుర్తుపట్టడం కాదు, ఖాళీ కాగితం మీద గుర్తు తెచ్చుకోవడం. రెండూ వేరు.

ఎంత వేరో 2006లో రోడిగర్, కార్పికీ చేసిన ప్రయోగం చెప్తుంది. విద్యార్థులు ఒక పాఠం చదివారు. తర్వాత సగం పాఠాల్ని మళ్లీ చదవమన్నారు, సగం పాఠాలకి పుస్తకం లేకుండా గుర్తున్నది రాయమన్నారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్లీ చదివినదే గెలిచింది, 81 శాతానికి 75. వారం తర్వాత పెడితే తారుమారైంది. మళ్లీ చదివినది 42, రాసి చూసుకున్నది 56.

ఆ ఐదు నిమిషాల అంకె ఇంకోసారి చూడండి. మనల్ని మోసం చేసేది అదే. తిరగేయడం వెంటనే బాగా పనిచేస్తుంది. రాత్రి చదివి పొద్దున రాసే మిడ్‌కి చాలావరకు సరిపోతుంది కూడా. మార్కులు రావడంతో "నా పద్ధతి కరెక్టే" అని నమ్మకం కుదురుతుంది. నాకు మిడ్‌లో వచ్చిన మంచి మార్కులే నన్ను రెండు నెలలు నిద్రపుచ్చాయి.

సీవోఏ చదివినవాళ్లకి ఒక పోలిక. మనం మెదడుని హార్డ్ డిస్క్ అనుకుంటాం: ఒకసారి సేవ్ చేస్తే ఉంటుంది, చదివితే మారదు. అది డీర్యామ్‌కి దగ్గర. డీర్యామ్‌లో ప్రతి బిట్ ఒక చిన్న కెపాసిటర్‌లో చార్జ్. అది కారిపోతూ ఉంటుంది. అందుకే సాధారణంగా 64 మిల్లీసెకన్లకోసారి రిఫ్రెష్ చేయాలి. పైగా చదివితే చార్జ్ పోతుంది, కాబట్టి చదివిన ప్రతిసారీ తిరిగి రాస్తుంది. మన జ్ఞాపకం కూడా కారుతుంది, గుర్తు తెచ్చుకున్న ప్రతిసారీ తిరిగి రాయబడుతుంది. తేడా ఒక్కటే, అది మనకే లాభం: డీర్యామ్ ఎన్నిసార్లు రిఫ్రెష్ చేసినా అదే వేగంతో కారుతుంది. మనది గుర్తు తెచ్చుకున్న ప్రతిసారీ కాస్త మెల్లగా కారుతుంది. కాబట్టి మొదటి రిఫ్రెష్ ఒక రోజుకి, తర్వాతది నాలుగు రోజులకి, ఆ తర్వాత రెండు వారాలకి అలా దూరం పెంచుకుంటూ పోవచ్చు. మొత్తం గంటలు అవే అయినా ఒక్క రాత్రిలో కుక్కేదానికన్నా ఇలా విడదీసినది ఎక్కువ నిలుస్తుందని ఎబ్బింగ్‌హాస్ కాలం నుంచీ మళ్లీ మళ్లీ తేలుతూనే ఉంది.

నైటవుట్ సంగతి

కొత్త జ్ఞాపకం మూడో మెట్టుకి చేరడంలో హిప్పోక్యాంపస్ అనే భాగానిది పెద్ద పాత్ర. ఇది తెలిసింది ఒక విషాదం వల్ల. 1953లో హెన్రీ మొలైసన్ అనే అమెరికన్‌కి మూర్ఛ తగ్గించడానికి ఆపరేషన్ చేసి, రెండు వైపులా హిప్పోక్యాంపస్‌లో చాలా భాగం తీసేశారు. చిన్నప్పటి సంగతులు చెప్పగలిగేవాడు. మాట్లాడుతున్నంతసేపూ మామూలుగానే ఉండేవాడు. కానీ కొత్తగా కలిసిన మనిషి గదిలోంచి వెళ్లి తిరిగొస్తే మళ్లీ కొత్తే. 2008లో చనిపోయేదాకా అలాగే బతికాడు. రెండో మెట్టూ మూడో మెట్టూ వేరువేరని ఆయన జీవితం చూపించింది.

ఆ మెట్టు ఎక్కే పనిలో కొంత నిద్రలో జరుగుతుంది. 1924లోనే జెంకిన్స్, డాలెన్‌బాక్ ఇద్దరు విద్యార్థుల మీద ప్రయోగం చేసి, నేర్చుకున్నాక మేలుకుని గడిపిన గంటలకన్నా నిద్రపోయిన గంటల్లో తక్కువ మర్చిపోతున్నారని చూశారు. తర్వాతి పరిశోధనలు నిద్రలో జ్ఞాపకం గట్టిపడుతుందని కూడా చెప్పాయి. కాబట్టి నైటవుట్ అంటే ఎక్కువ చదవడం కాదు. సేవ్ బటన్ నొక్కకుండా ఎక్కువ టైప్ చేయడం.

మళ్లీ రూల్ బుక్ దగ్గరికి

ఇదంతా తెలిశాక రెగ్యులేషన్ చదివితే కొంచెం వేరేగా కనిపించింది. 75 శాతం రూల్‌ని నేను ఎప్పుడూ తిట్టుకునేవాణ్ని. ఇప్పుడు సగమే తిట్టుకుంటున్నా. నాలుగు నెలలు వారంవారం క్లాసులు అంటే పాఠాన్ని విడదీసి ఇవ్వడమే, అది మెదడుకి కావాల్సిందే. కానీ అటెండెన్స్ కొలిచేది కుర్చీలో మనిషిని, మొదటి మెట్టు దాటించే దృష్టిని కాదు. వెనక బెంచీలో రీల్స్ చూస్తూ తెచ్చుకున్న 90 శాతం డిటెన్షన్ నుంచి కాపాడుతుంది, మరపు నుంచి కాపాడదు.

మిడ్ కూడా అంతే. మనం దాన్ని మార్కులు కొలిచే పని అనుకుంటాం. రోడిగర్ ప్రయోగం ప్రకారం చూస్తే పరీక్ష రాయడమే ఒక చదువు. ఆ లెక్కన మిడ్ వన్ నాకు మేలే చేసింది. కానీ నేను దానికి ముందు ఒక్కసారి కూడా గుర్తు తెచ్చుకోలేదు, తర్వాత ఒక్కసారి కూడా గుర్తు తెచ్చుకోలేదు. రూల్ రెండుసార్లే అడుగుతుంది. మిగతా నాలుగైదుసార్లు అడగాల్సింది మనమే. ఆ పని ఏ రెగ్యులేషన్‌లోనూ రాసి ఉండదు.

నేను ఇప్పుడు చేస్తున్నది చెప్తా, ఇందులో కొత్త విద్యేం లేదు. క్లాస్ అయిన సాయంత్రం నోట్స్ తెరవకుండా ఒక తెల్ల కాగితం మీద ఐదు నిమిషాలు గుర్తున్నది రాస్తా. అప్పుడు నోట్స్ తెరిచి, రానివి మాత్రం ఎర్ర పెన్నుతో రాస్తా. చెక్‌పోస్ట్‌లో మెట్రో ఎక్కినప్పుడు ఫోన్ తీసేముందు మూడు నాలుగు రోజుల కిందటి పాఠం నుంచి ఒక ప్రశ్న నన్ను నేనే అడుగుతా. ఆదివారం పాత యూనిట్ ఒకటి, మిడ్ అయిపోయిన యూనిట్ అయినా సరే. ప్రతి విషయానికీ పెద్దాయన ప్రశ్న వేస్తా: ఇది ఎందుకు ఉంది? జాయిన్ ఎందుకు అవసరమైంది, రెండు టేబుళ్లని ఊరికే గుణిస్తే ఏం ఇబ్బంది? ఎందుకో తెలిస్తే ఎలాగో అన్నది సగం దానంతటదే వస్తోంది. గదిలో నడుస్తూ మా చెల్లికి చెప్తా. దానికి ఏడో తరగతి, డీబీఎంఎస్ అక్కర్లేదు, కానీ "అర్థం కాలేదు" అని మొహమాటం లేకుండా అంటుంది.

ఒక హెచ్చరిక. ఇలా చదివితే బాగా చదివినట్టు అనిపించదు. తిరగేస్తే హాయిగా ఉంటుంది, తెల్ల కాగితం ముందు కూర్చుంటే ఏమీ రానట్టు అవమానంగా ఉంటుంది. మొదటి రోజు రిలేషనల్ ఆల్జీబ్రా మీద నేను రాయగలిగింది ఆరు లైన్లు. మిడ్‌లో రెండు పేజీలు రాసిన చేయి అది. ఆ ఆరు లైన్ల కాగితం దాచుకున్నా.

సప్లీకి ఇంకా టైం ఉంది. నాలుగోసారికి పేజీన్నర వచ్చింది. సెలెక్షన్, ప్రొజెక్షన్, యూనియన్, డిఫరెన్స్, అన్ని రకాల జాయిన్లూ ఉదాహరణలతో సహా చూడకుండా రాశా. డివిజన్ ఆపరేటర్ ఒక్కటే ఇంకా మొండికేస్తోంది. నిన్న మెట్రోలో కూడా రాలేదు. ఆదివారం మళ్లీ అడుగుతా.